తలకట్టు లేని అక్షరాలు

హైమా, టికెట్ కొన్నావని తెలిసింది.
పెట్టె ఎలా సర్దుకోవాలో చెప్పను,
ఎలాగూ రెండు జతలు ఎక్కువే కుక్కుతావు.
చిల్లర గురించి చెప్తాను.

జార్జియాలో డబ్బుని లారీ అంటారు.
నవ్వుకోవడం అయ్యాక
వంద లారీల నోటు ఎక్కడో ఒకచోట విడిపించు,
బ్రెడ్డు కొట్లోనో, నీళ్ల సీసా దగ్గరో,
డిడూబే బస్టాండుకి చేరేలోపు.
అక్కడి మినీబస్సు పేరు మర్ష్రుత్కా.
దానికి టైమంటూ లేదు, నిండితే కదులుతుంది.
దిగేటప్పుడు డబ్బులివ్వాలి.
నేను వంద నోటు చాచాను.
డ్రైవరు జుంబేర్ దాన్ని ఎండకేసి చూసి,
నాకేసి చూసి, వెనక సీటుకి అందించాడు.
పెళ్లిలో మంగళసూత్రం పళ్లెం తిప్పినట్టు
నా నోటు పదహారు చేతులు తాకి
చిల్లర కాకుండానే నా దగ్గరికొచ్చింది.

కిటికీ సీటు కావాలంటే అరగంట ముందెళ్లు.
లోయవైపు మాత్రం అడక్కు.
చర్చి కనిపించినప్పుడల్లా జుంబేర్
స్టీరింగు వదిలి మూడుసార్లు శిలువ గీసుకుంటాడు.
ఆ కొండల్లో చర్చిలు చాలా ఎక్కువ.

మాటలు నాలుగొస్తే చాలు.
గమర్జోబా, నమస్కారం. మద్లోబా, థాంక్స్.
మామా అంటే నాన్న.
సంతలో ఒక పిల్లాడు మామా మామా అని ఏడుస్తుంటే
నేను వాడి మేనమామ కోసం వెతికాను.

మాంసం తిననంటే కోడి పెడతారు.
సమర్ఖ్వో అను, ఉపవాసపు తిండి అని.
మట్టికుండలో ఉడికిన చిక్కుడుగింజలొస్తాయి,
అక్రోటు ముద్ద పట్టించిన వంకాయలొస్తాయి.
ఏ దేవుడి ఉపవాసమని నన్నెవరూ అడగలేదు.

చెవికి ప్లాస్టిక్ బిళ్లున్న కుక్క వెంటపడితే పరిగెత్తకు.
దానికి సూది వేశారు. తోడు వస్తోందంతే.

ఇక అసలు సంగతి.
వాళ్ల అక్షరాలు చూసి మోసపోతావు.
గుండ్రంగా, మెలికలు తిరిగి, మనవాళ్లే అన్నట్టుంటాయి,
ఎప్పటిదో బెంచిమేటు వీధి మలుపులో ఎదురైనట్టు.
దగ్గరికెళ్తావు. ఒక్కటీ పలకదు.

దిగాల్సిన ఇంటి పేరు నేనే చూసి రాసుకున్నాను,
సున్నాలూ సుడులూ మనకి కొత్తా అని.
చెయ్యి ఊరుకుందా!
ప్రతి అక్షరానికీ తలకట్టు పెట్టేసింది.

మెస్తియాలో చీకటిపడ్డాక ఆ కాగితాన్ని
మందుల షాపతను, పోలీసు, గుర్రం మీది కుర్రాడు
వంతులవారీగా తిరగేసి చూశారు.
ఆఖరికి ఒక ముసలావిడ కళ్లజోడు తెప్పించుకుని చూసి,
మడిచి, తన జేబులో పెట్టుకుని,
గుండె మీద చెయ్యేసి "త్సియాలా" అంది.
నేను వెతికే పేరు అది కాదు.
ఆ రాత్రికి అదే అయింది.

నువ్వు మాత్రం అడ్రసు వాళ్ల చేత్తోనే రాయించుకో.
లేదా, ఏమో, నీ ఇష్టం.

భోజనాల బల్ల దగ్గర ఎవరూ మాట్లాడకముందే తాగకు.
గ్లాసెత్తిన ప్రతిసారీ ఒకరు మాట్లాడతారు, చాలాసేపు.
చెయ్యి పీకినా దించకూడదు.
బీరుతో ఎవరి క్షేమమూ కోరకు, అది పగవాళ్లకట.
మూడోదో నాలుగోదో పోయినవాళ్ల పేరు మీద.
అందరూ నావైపు తిరిగారు.
త్సియాలా కొడుకు ఫోన్లో తర్జుమా చేసి చూపించాడు:
మీకెవరు?

ఇది నీకు చెప్పాలనుకోలేదు.
ఈ ప్రయాణం ఇద్దరం అనుకున్నాం,
ఆఫీసు క్యాంటీన్లో, టిష్యూ మీద మ్యాపు గీసి.
మూడేళ్లుగా పైకి అనని పేరు, అన్నాను.
ఎనిమిదిమంది నిలబడి తిరిగి పలికారు,
మంజులత్తా, అని.
ఉంటే పడీ పడీ నవ్వేది.
రొట్టెముక్క మీద రెండు చుక్కలు వైను వంపారు.

పూలు కొనేటప్పుడు లెక్కపెట్టు.
మనుషులకైతే బేసి, మూడో అయిదో.
సరిసంఖ్య సమాధులకి.
తెల్లారి బజార్లో నేను ఆరు తీస్తే
పూలావిడ చేతి మీద చరిచి ఒకటి లాగేసుకుంది.
అయిదూ త్సియాలాకిచ్చాను.
మళ్లీ వెళ్లి రెండు తీశాను.
ఈసారి ఆవిడ లెక్క దిద్దలేదు.
ఏటి పక్కన చాలాసేపు నిలబడ్డాను.

ఉన్ని సాక్సులు పెట్టుకో.
జూన్ నెలని నమ్మకు.